పాత గురికాడికి ఎంత ఇవ్వొచ్చు?

2025 జూన్ 22, ఆదివారం. రాత్రి తొమ్మిదిన్నర దాటింది, కంచం ముందు కూర్చున్నాను. హ్యూస్టన్‌లో ఉండే మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాళ్ళకు అప్పుడు పొద్దున పదకొండు. వాడి గొంతు వినగానే ఎవరికో ఒంట్లో బాగాలేదేమో అని గుండె జారింది. "మామయ్యా, గ్రీన్‌ని పంపేశారు! చేతికొచ్చిన కుర్రాణ్ణి ఇచ్చేసి ముసలాణ్ణి తెచ్చుకున్నారు," అన్నాడు. సంగతేమిటో నాకు బోధపడేసరికి అన్నం చల్లారిపోయింది.

వాడు చెప్పేది హ్యూస్టన్ రాకెట్స్ అనే బాస్కెట్‌బాల్ జట్టు గురించి. అమెరికాలో ఎన్‌బీఏ లీగులో ముప్పై జట్లుంటాయి, అందులో ఇదొకటి. జేలెన్ గ్రీన్‌కు అప్పుడు 23 ఏళ్ళు. 2021లో కొత్త ఆటగాళ్ళ ఎంపికలో రెండో పేరు అతనిదే. 2024-25 సీజన్‌లో 82 మ్యాచ్‌లకు 82 ఆడి, మ్యాచ్‌కు సగటున 21 పాయింట్లు చేశాడు. జట్టులో అంతకంటే ఎక్కువ చేసినవాడు లేడు. అతన్నీ, డిల్లన్ బ్రూక్స్ అనే గట్టి డిఫెండర్‌నూ ఫీనిక్స్ సన్స్ జట్టుకిచ్చి, వాళ్ళ దగ్గరున్న కెవిన్ డ్యురాంట్‌ను తెచ్చుకున్నారు. పైన ఒక మొదటి రౌండు పిక్, ఐదు రెండో రౌండు పిక్‌లు కూడా ముట్టజెప్పారు. పిక్ అంటే ఏమిటో కాసేపట్లో చెబుతాను.

డ్యురాంట్ చిన్నవాడేం కాదు, ఏ లెక్కన చూసినా. ఆరడుగుల పదకొండంగుళాల మనిషి. లీగులో అందరికంటే ఎక్కువ సగటు పాయింట్లు చేసిన ఘనత నాలుగుసార్లు దక్కించుకున్నాడు. 2014లో అత్యంత విలువైన ఆటగాడు. గోల్డెన్ స్టేట్ జట్టుతో 2017లో, 2018లో కప్పు కొట్టాడు. 2025 ఫిబ్రవరిలో 30 వేల పాయింట్లు దాటాడు. అప్పటికి ఆ గీత దాటినవాళ్ళు లీగు చరిత్ర మొత్తంలో అతనితో కలిపి ఎనిమిది మంది. అలాగే 2019 ఫైనల్స్ ఆడుతూ ఉండగా మడమ వెనక అకిలిస్ స్నాయువు తెగి, ఆ తర్వాతి సీజన్ పూర్తిగా ఇంట్లో కూర్చున్నదీ అతనే. 2025 సెప్టెంబరు 29తో 37 ఏళ్ళు నిండాయి.

ఇలాంటివాణ్ణి తెచ్చుకోవాలా, వద్దా? ఆ రాత్రి మా మేనల్లుడితో పాటు నేనూ వద్దనే అన్నాను. ఆ తర్వాత నాలుగు నెలల్లో మనసు మార్చుకున్నాను. ఎందుకు మార్చుకున్నానో చెప్పడానికే ఈ ప్రసంగం.

మన పల్లెల్లో ఎద్దును కొనేవాడు సంతలో ముందుగా నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, ఆరు పళ్ళదా అని. వయసు అక్కడే తెలిసిపోతుంది. అయితే తెలిసిన రైతు అంతటితో ఆగడు. ఇంటి దగ్గర కట్టేసి ఉన్న రెండో ఎద్దును తలుచుకుంటాడు. ఎత్తు సరిపోతుందా, నడక కలుస్తుందా, ఏ పక్క కట్టాలి అని. కాడికి జత కుదరకపోతే ఎంత మంచి ఎద్దయినా చాలు వంకరపోతుంది. బాస్కెట్‌బాల్‌లో పేరున్న స్కోరర్ కోసం బేరానికి వెళ్ళే జట్లలో చాలామంది పళ్ళు చూసి వచ్చేస్తారు. పత్రికల్లో చర్చంతా పళ్ళ మీదే. ఇంట్లో ఉన్న ఎద్దు సంగతి ఎవరూ అడగరు.

ముందుగా ఈ బేరం ఎలా జరుగుతుందో రెండు మాటల్లో చెబుతాను. ఐపీఎల్ వేలంలో లాగా చెయ్యెత్తి కోట్లు పలికితే ఆటగాడు రాడు. మనిషికి మనిషి. వచ్చేవాడి జీతానికి దరిదాపుల్లో ఉండేలా పోయేవాళ్ళ జీతాలుండాలి. డ్యురాంట్ జీతం 2025-26 సీజన్‌కు 5 కోట్ల 40 లక్షల డాలర్లకు పైమాటే. గ్రీన్, బ్రూక్స్ ఇద్దరి జీతాలూ కలిపితేనే దానికి సరితూగింది. ఇక తేడా మిగిలితే పూడ్చడానికి డ్రాఫ్ట్ పిక్‌లు. పిక్ అంటే రాబోయే ఏడాది కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే వరసలో మన చోటు. ఓడిపోయే జట్లకు ముందు చోటు దక్కే అవకాశం ఎక్కువ. ఆ చోటును ఏడేళ్ళ ముందే ఇంకొకరికి రాసిచ్చేయవచ్చు. పైరు మొలకెత్తకముందే పంట అమ్ముకోవడం లాంటిదన్నమాట. 1980ల మొదట్లో క్లీవ్‌లాండ్ జట్టు యజమాని టెడ్ స్టెపియెన్ ఇలా వరసగా అమ్ముకుంటూ పోతుంటే లీగువాళ్ళే అడ్డుపడ్డారు. రాబోయే రెండేళ్ళ మొదటి రౌండు పిక్‌లను వెంటవెంట ఇచ్చేయకూడదని పెట్టిన నిబంధనకు ఈనాటికీ ఆయన పేరే. చెడగొట్టి పేరు తెచ్చుకోవడం అంటే అదే.

సరే, హ్యూస్టన్ దగ్గరికి వద్దాం. ఆ ఊరికి ఈ బేరం కొత్త కాదు. అంతకు ముప్పై ఏళ్ళ ముందు ఇలాంటిదే ఒకటి చేసింది.

1994లో రాకెట్స్ మొదటిసారి కప్పు గెలిచింది. నైజీరియాలో పుట్టి హ్యూస్టన్‌లో చదువుకున్న హకీమ్ ఒలాజువాన్ ఆ జట్టుకు మూలస్తంభం. తర్వాతి సీజన్ వరసగా తొమ్మిది విజయాలతో మొదలుపెట్టి, నడుమకొచ్చేసరికి తడబడసాగింది. ఒలాజువాన్‌కు బంతి ఇవ్వడం, ఇద్దరు ముగ్గురు మీద పడుతుంటే ఆయనే ఏదో ఒకటి చేయాలని చూడటం, ఇదీ వరస. అప్పుడు 1995 ఫిబ్రవరి 14న పోర్ట్‌లాండ్ జట్టుతో బేరం కుదిరింది. రింగు కింద ఆడే ఓటిస్ థోర్ప్ అనే పెద్ద మనిషిని, ఒక మొదటి రౌండు పిక్‌ను ఇచ్చి, క్లైడ్ డ్రెక్స్‌లర్‌ను తెచ్చుకున్నారు.

డ్రెక్స్‌లర్‌కు అప్పుడు 32 ఏళ్ళు. పోర్ట్‌లాండ్‌ను 1990లో, 1992లో ఫైనల్స్ దాకా తీసుకెళ్ళి రెండుసార్లూ ఓడిపోయినవాడు. పన్నెండో ఏడు ఆడుతున్నాడు, కప్పు గెలిచినవాళ్ళకిచ్చే ఉంగరం ఇంకా వేలికి లేదు. పెరిగింది హ్యూస్టన్‌లోనే. యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌లో ఒలాజువాన్‌తో కలిసి ఆడాడు. 1983 కాలేజీ ఫైనల్లో వాళ్ళిద్దరూ కలిసి నార్త్ కరొలైనా స్టేట్ చేతిలో 54-52తో ఓడిపోయారు, ఆఖరి క్షణంలో పడిన బాస్కెట్‌తో. అంటే పన్నెండేళ్ళ కిందట విడిపోయిన జోడు మళ్ళీ ఒక కాడి కిందికి వచ్చిందన్నమాట. ఎత్తు తెలుసు, నడక తెలుసు.

అయితే ఈ కథ చెప్పేవాళ్ళు ఒక ముక్క మింగేస్తారు. డ్రెక్స్‌లర్ రాగానే జట్టు బాగుపడలేదు. మిగిలిన మ్యాచ్‌లలో దాదాపు సగం ఓడిపోయారు. థోర్ప్ పోవడంతో రీబౌండ్లు పట్టే చెయ్యి పోయింది. రీబౌండ్ అంటే, రింగుకు తగిలి బయటికొచ్చిన బంతిని ఎగిరి అందుకోవడం. చూడటానికి సోకైన పని కాదు. మోచేతులు తగులుతాయి, పక్కటెముకలు నొప్పెడతాయి. దానికి చప్పట్లు కొట్టేవాళ్ళు తక్కువ. ఆ పని చేసేవాణ్ణి ఇచ్చేశారని హ్యూస్టన్ జనం గొణుక్కున్నారు. పైగా డ్రెక్స్‌లర్ చోటు తీసుకోవడంతో వెర్నన్ మాక్స్‌వెల్ ఆడే నిమిషాలు తగ్గాయి. 1994 కప్పులో అతనిది పెద్ద చెయ్యి. ఆ అసంతృప్తితో, కప్పు కోసం జరిగే ప్లేఆఫ్స్ మొదట్లోనే జట్టును వదిలి వెళ్ళిపోయాడు. సీజన్ ముగిసేసరికి 47 విజయాలు, 35 ఓటములు. పశ్చిమ విభాగంలో ఆరో స్థానం.

ఆ తర్వాత జరిగింది ఇప్పటికీ లీగులో ఇంకొకరికి చేతకాలేదు. 60 మ్యాచ్‌లు గెలిచిన యూటాను, 59 గెలిచిన ఫీనిక్స్‌ను, 62 గెలిచిన శాన్ ఆంటోనియోను వరసగా ఇంటికి పంపారు. ఫీనిక్స్‌తో 1-3తో వెనకబడి, ఏడో మ్యాచ్‌లో ఫీనిక్స్ గడ్డ మీదే 115-114తో గెలిచారు. ఫైనల్లో 57 గెలిచిన ఓర్లాండోను 4-0తో ఊడ్చేశారు. ఆరో స్థానం నుంచి కప్పు కొట్టిన జట్టు అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు.

ఎలా కుదిరింది? ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే అసలు కీలకం ఇక్కడే ఉంది. థోర్ప్ పోగా ఖాళీ అయిన పెద్ద మనిషి చోటులోకి, దూరం నుంచి గురిపెట్టగల రాబర్ట్ హోరీని జరిపారు. అతన్ని కాచుకోవాల్సిన ప్రత్యర్థి రింగు కింద నుంచి బయటికి రావాల్సి వచ్చింది. ఆ ఏడే లీగువాళ్ళు మూడు పాయింట్ల గీతను 22 అడుగులకు దగ్గరికి జరిపారు, అదీ కలిసొచ్చింది. రింగు కింద చోటు తెరుచుకుంది. ఒలాజువాన్‌కు ఊపిరాడింది. ఆయన మీద ఇద్దరు పడితే బంతి బయట డ్రెక్స్‌లర్ చేతికి. థోర్ప్‌ను ఇవ్వడం నష్టం అనుకున్నారు. కొంత నష్టమే. కాని ఆ ఖాళీలోనే కొత్త ఆట పుట్టింది. కోచ్ రూడీ టామ్‌జానవిచ్ ఆ ఖాళీని చూసి భయపడి అలాంటి ఇంకో పెద్ద మనిషితో పూడ్చేసి ఉంటే, ఈ కథ మనం చెప్పుకునేవాళ్ళం కాము.

నడుమ ఒక చిన్న మాట, పంచాంగం మీద నమ్మకం ఉన్నవాళ్ళ కోసం. డ్రెక్స్‌లర్ పుట్టింది జూన్ 22న. రాకెట్స్ మొదటి కప్పు గెలిచింది 1994 జూన్ 22న. డ్యురాంట్ బేరం బయటపడింది 2025 జూన్ 22న. దీంతో ఏం రుజువవుతుంది అంటే, ఏమీ కాదు. మా మేనల్లుడికి చెబితే మాత్రం కాస్త శాంతించాడు.

ఇక చెడిన బేరాల సంగతి. అందులో నా దృష్టిలో అన్నిటికంటే నేర్పేది డెట్రాయిట్‌ది. డెట్రాయిట్ పిస్టన్స్ 2008 నాటికి వరసగా ఆరేళ్ళు తూర్పు విభాగం ఫైనల్ ఆడింది. ఆ ఏడు 59 మ్యాచ్‌లు గెలిచింది. చాన్సీ బిలప్స్ ఆ జట్టుకు పాయింట్ గార్డ్, అంటే ఎప్పుడు ఎవరికి బంతి అందాలో నిర్ణయించేవాడు. 2008 నవంబరులో సీజన్ మొదలైన వారం లోపే అతన్ని డెన్వర్‌కు పంపి, అలెన్ ఐవర్సన్‌ను తెచ్చారు. ఐవర్సన్ ఆరడుగుల మనిషి. నాలుగుసార్లు లీగు అగ్ర స్కోరర్, 2001లో అత్యంత విలువైన ఆటగాడు. వయసు 33. పేరు చూస్తే డెట్రాయిట్ గెలిచినట్టే. ఆట చూస్తే, 59 విజయాలు 39కి పడిపోయాయి. ప్లేఆఫ్స్‌లో మొదటి రౌండులోనే క్లీవ్‌లాండ్ చేతిలో 4-0తో ఓటమి. బిలప్స్‌ను తీసుకున్న డెన్వర్ 54 గెలిచి పశ్చిమ విభాగం ఫైనల్ దాకా వెళ్ళింది, 1985 తర్వాత మొదటిసారి.

డెట్రాయిట్‌వాళ్ళు తెలివితక్కువవాళ్ళని నేను అనను. ఐవర్సన్ ఒప్పందం ఆ ఏడుతో ముగుస్తుంది, జీతాల పద్దులో చోటు ఖాళీ అవుతుంది, దాంతో కొత్తవాళ్ళను తెచ్చుకోవచ్చన్నది వాళ్ళ లెక్క. లెక్క కాగితం మీద బాగానే ఉంది. కాని ఇంటి తాళం చెవులు ఎవరి దగ్గరున్నాయో వాళ్ళనే పంపేశారు. వచ్చినవాడికి బంతి తన చేతిలో ఉంటేనే ఆట. బెంచి మీంచి దిగి ఆడమంటే, దానికంటే రిటైరవడం మేలన్నాడు. ఆ మాటలో అతని తప్పు కూడా నాకు కనిపించదు. పన్నెండేళ్ళు ఒకే తీరున ఆడి గొప్పవాడైన మనిషిని ఆ తీరు మార్చుకోమంటే మనసెలా ఒప్పుతుంది?

ఒప్పుకున్నవాళ్ళూ ఉన్నారు. బాబ్ మెకడూ 1970లలో వరసగా మూడేళ్ళు లీగు అగ్ర స్కోరర్. 1981 డిసెంబరులో లాస్ ఏంజెలిస్ లేకర్స్ అతన్ని తెచ్చుకుని బెంచి మీద కూర్చోబెట్టింది. నడుమలో దిగడం, పది పన్నెండు పాయింట్లు చేయడం, మళ్ళీ కూర్చోవడం. 1982లో, 1985లో కప్పులు గెలిచిన జట్లలో అతనున్నాడు. అదే 1985 ఫైనల్స్‌లో అత్యంత విలువైన ఆటగాడు అదే జట్టులోని కరీమ్ అబ్దుల్ జబ్బార్. వయసు 38.

వయసు అన్నాను కాబట్టి ఒక తేడా చెప్పాలి. స్కోరర్లందరూ ఒకే తీరున ముసలివాళ్ళు కారు. ఐవర్సన్ బలం కాళ్ళలో ఉండేది. ఎదుటివాడు రెప్ప వేసేలోగా దాటిపోయే వేగం. వేగం మొదట పోయేది. కరీమ్ బలం ఎత్తు, చెయ్యి తిప్పి పైనుంచి వేసే ఆ హుక్ షాట్. అది పోవడానికి మనిషి పొట్టివాడు కావాలి! డ్యురాంట్ ఈ రెండో తెగకు చెందినవాడు. ఎగిరి తల మీద నుంచి బంతి వదిలితే దాన్ని అందుకునే చెయ్యి లేదు. అకిలిస్ తెగి తిరిగొచ్చాక కూడా ఆ గురి తప్పలేదు. 2024-25 సీజన్‌లో 36 ఏళ్ళ వయసులో సగటు 26.6 పాయింట్లు. పళ్ళు మాత్రమే చూసేవాళ్ళకు ఈ తేడా కనపడదు. అయితే ఆడింది 82లో 62 మ్యాచ్‌లే, ఆ సంగతీ మరిచిపోకూడదు.

బ్రూక్లిన్ నెట్స్ 2013లో చేసిన బేరం గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిన గుణపాఠం. 37 ఏళ్ళ కెవిన్ గార్నెట్, 35 ఏళ్ళ పాల్ పియర్స్ కోసం బోస్టన్‌కు మూడు మొదటి రౌండు పిక్‌లు, 2017లో చోటు మార్చుకునే హక్కు ఇచ్చింది. దక్కింది ఒక్కసారి రెండో రౌండు, అక్కడా మయామీ చేతిలో 4-1 ఓటమి. బోస్టన్‌కు ఆ పిక్‌ల నుంచి జేలెన్ బ్రౌన్, జేసన్ టేటమ్ వచ్చారు. ఆ ఇద్దరూ 2024లో బోస్టన్‌కు కప్పు తెచ్చారు. ఆ పిక్‌లు ఇచ్చిన నాటికి ఇద్దరూ బళ్ళో చదువుకునే పిల్లలు.

ఇలాంటి పొరపాటు మేమూ చేశాం, ఎన్‌బీఏ స్థాయిలో కాదు లెండి. నేను కాలేజీలో ఆడే రోజుల్లో మాదొక సిమెంటు కోర్టు, చెక్క బోర్డు, వల లేని రింగు. ఒక టోర్నమెంటుకు ముందు మా ఊరి కుర్రాళ్ళంతా కూడబలుక్కుని, ఎనిమిదేళ్ళ కిందట ఆడి మానేసిన ఒక అన్నగారిని బతిమాలి తెచ్చాం. ఆయన గురి అంటే గురే, పొట్ట వచ్చినా చెయ్యి తప్పలేదు. ఆయనకు చోటివ్వడానికి ఒక కుర్రాణ్ణి పక్కన పెట్టాం. వాడికి షాట్ వేయడం రాదు. ఎవరు వేసి తప్పినా బంతి కింద పడకుండా పట్టుకొచ్చేవాడు, అంతే. మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయాం. అన్నగారు 28 పాయింట్లు చేశారు. ఆయన తప్పిన బంతుల్లో ఒక్కటీ మాకు తిరిగి రాలేదు. ఆ కుర్రాడు గీత బయట నిలబడి నీళ్ళ సీసాలు అందించాడు. మాకు జాలి కూడా కలగలేదు అప్పుడు.

కబడ్డీ చూసేవాళ్ళకు ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. 2023 వేలంలో మన తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్ అనే రైడర్‌కు 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలు పెట్టింది. ఆ సీజన్‌లో జట్టు పన్నెండింటిలో పన్నెండోది. తప్పు పవన్‌ది కాదు. కూత పెట్టి వెళ్ళి పాయింట్లు తెచ్చేవాడు ఒకడున్నా, ఇవతల గీత దగ్గర మడమ పట్టి ఆపేవాళ్ళు లేకపోతే తెచ్చినదంతా కారిపోతుంది.

ఇప్పుడు ఫీనిక్స్. డ్యురాంట్‌ను హ్యూస్టన్‌కు అమ్మింది ఈ జట్టే అన్నాను కదా. 2021లో ఫైనల్ ఆడింది, 2022లో 64 మ్యాచ్‌లు గెలిచింది. ఇంకొక్క మెట్టు అనుకుంది. 2023 ఫిబ్రవరిలో డ్యురాంట్ కోసం బ్రూక్లిన్‌కు మికాల్ బ్రిడ్జెస్, కామ్ జాన్సన్, జే క్రౌడర్‌లను, 2023, 2025, 2027, 2029 మొదటి రౌండు పిక్‌లను, 2028లో చోటు మార్చుకునే హక్కును ఇచ్చేసింది. బ్రిడ్జెస్, జాన్సన్ అంటే డిఫెన్సు, పరుగు, గీత బయట నుంచి గురి, అన్నీ ఉన్న వయసు కుర్రాళ్ళు. వాళ్ళు పోగా ఏర్పడిన చోటును నింపడానికి మనుషులు లేరు, పిక్‌లూ లేవు. ఆ వేసవిలోనే బ్రాడ్లీ బీల్ అనే ఇంకో ఖరీదైన స్కోరర్‌ను తెచ్చారు. ఒకే బంతి, జట్టులో ముందునుంచీ ఉన్నవాడితో కలిపి ముగ్గురు గురికాళ్ళు. జీతాల మొత్తం ఒక గీత దాటిన జట్టు ఇద్దరి జీతాలు కలిపి ఒకరిని తెచ్చుకోకూడదని 2023 ఒప్పందంలో ఒక నిబంధన పెట్టారు. అది ఫీనిక్స్ కాళ్ళకు సంకెళ్ళలా పడింది. 2023లో రెండో రౌండులో డెన్వర్ చేతిలో ఓటమి. 2024లో మిన్నెసోటా చేతిలో మొదటి రౌండులో 4-0. 2025లో 36 గెలుపు, 46 ఓటమి, ప్లేఆఫ్స్ గడప కూడా తొక్కలేదు. మూడేళ్ళలో ముగ్గురు కోచ్‌లను మార్చారు. ఈ మూడేళ్ళూ డ్యురాంట్ సగటు 26కు తగ్గలేదు. అతను తన పని చేస్తూనే ఉన్నాడు, జట్టు కరిగిపోతూనే ఉంది.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారే, ఫీనిక్స్‌కు అదే జరిగింది. హ్యూస్టన్ 2025 జూన్‌లో ఇచ్చిన మొదటి రౌండు పిక్ ఎవరిదనుకున్నారు? ఆ ఏటి పదో నంబరు పిక్. అది పుట్టుకతో ఫీనిక్స్‌దే. 2023లో డ్యురాంట్ కోసం బ్రూక్లిన్‌కు ఇచ్చింది. బ్రూక్లిన్ దగ్గర నుంచి 2024లో హ్యూస్టన్‌కు చేరింది. 2025లో మళ్ళీ డ్యురాంట్ బేరంలోనే ఫీనిక్స్‌కు తిరిగొచ్చింది. తాకట్టు పెట్టిన గొలుసును విడిపించుకోవడానికి, దేనికోసం తాకట్టు పెట్టామో దాన్నే అమ్ముకున్నట్టు.

మరి ఇంత చూశాక కూడా హ్యూస్టన్ చేసింది సరైన పనే అని ఎందుకంటున్నాను?

2025 మే 4 నాటి మ్యాచ్ వల్ల. 2024-25 సీజన్‌లో హ్యూస్టన్ 52 గెలిచి పశ్చిమాన రెండో స్థానంలో నిలిచింది. మొదటి రౌండులో ఏడో స్థానంలో ఉన్న గోల్డెన్ స్టేట్ ఎదురైంది. సిరీస్ ఏడో మ్యాచ్ దాకా వెళ్ళింది. సొంత ఊళ్ళో ఆ మ్యాచ్‌ను 103-89తో పోగొట్టుకున్నారు. 48 నిమిషాల ఆటలో 89 పాయింట్లు! డిఫెన్సు ఉంది, రీబౌండ్లు ఉన్నాయి, ఉరకలేసే కాళ్ళున్నాయి. లేనిదల్లా ఒక్కటే. బాస్కెట్‌బాల్‌లో బంతి చేతికొచ్చాక 24 సెకన్లలో షాట్ వేయాలి. మామూలు రోజుల్లో పదో సెకనుకో పదిహేనో సెకనుకో దారి దొరుకుతుంది. ప్లేఆఫ్స్‌లో ఎదుటివాళ్ళు నీ ఎత్తులన్నీ చదువుకుని వస్తారు. ఇరవై సెకన్లు గడిచినా దారి ఉండదు. మిగిలిన ఆ నాలుగు సెకన్లలో, మీద చెయ్యి ఉండగానే, ఏ దారీ లేని చోట షాట్ వేసి దించగలవాడు కావాలి. గ్రీన్ ఆ సిరీస్‌లో సగటున 13 పాయింట్లు చేశాడు. ఏడో మ్యాచ్‌లో ఎనిమిది. కుర్రాడు మంచివాడే, ముందు ముందు ఇంకా ఎదుగుతాడు. కాని హ్యూస్టన్‌కు కావలసిన పనిముట్టు అది కాదు.

ఇక ఆ బేరంలో వాళ్ళు ఏం ఇవ్వలేదో చూడండి. పెద్ద మనిషి చోటులో ఆల్పెరెన్ షెంగూన్ మిగిలాడు. ఎవరినైనా ఆపగల ఏమెన్ థాంప్సన్ మిగిలాడు. జబారి స్మిత్, టారీ ఈసన్, అప్పటి కొత్త కుర్రాడు రీడ్ షెపర్డ్, అందరూ మిగిలారు. ఇంటి దూలాలు ఎక్కడివక్కడే మిగిలాయి. 2023లో ఫీనిక్స్ ఇదే మనిషి కోసం దూలాలు పీకి ఇచ్చింది. వచ్చినవాడు ఒకడే, చెల్లించిన వెలలోనే తేడా అంతా. బ్రూక్స్ పోవడం నాకు కొంచెం బాధే. ఎదుటి జట్టులో ఉత్తమ స్కోరర్‌ను రాత్రంతా విసిగించే పని ఎవరో ఒకరు చేయాలి. ఆ భారం థాంప్సన్ మీద పడింది.

బేరం నాటి హ్యూస్టన్ కోచ్ ఇమే ఉడోకా బ్రూక్లిన్‌లో 2020-21 సీజన్ సహాయ కోచ్‌గా ఉన్నప్పుడు డ్యురాంట్ ఆ జట్టులోనే ఉన్నాడు. డ్యురాంట్ ఎక్కడ బంతి అడుగుతాడో, ఎక్కడ అలుగుతాడో ఆయనకు తెలుసు. రైతు ఈ ఎద్దుతో ముందే దున్ని చూశాడన్నమాట.

ఇంతా చెప్పాక ఒక దెబ్బ సంగతి దాచకూడదు. 2025 సెప్టెంబరులో జట్టు పాయింట్ గార్డ్ ఫ్రెడ్ వాన్‌వ్లీట్‌కు మోకాలి లిగమెంటు తెగింది. బంతిని పైకి తెచ్చి ఆట నడిపేవాడు అతనే. అతను లేకపోతే ఆ పని ఎవరు చేస్తారు? ఆఖరి నాలుగు సెకన్ల కోసం తెచ్చుకున్న మనిషితో మొదటి ఇరవై సెకన్ల చాకిరీ కూడా చేయిస్తే, జనవరికల్లా కాళ్ళు బరువెక్కుతాయి. ఈ బేరం చెడేదుంటే అక్కడే చెడుతుంది, మరెక్కడా కాదు. థాంప్సన్‌కో షెపర్డ్‌కో బంతి అప్పగించి, వాళ్ళు చేసే తప్పులు ఓర్చుకోవాలి. గెలవాలన్న తొందరలో ఉన్న జట్టుకు ఓర్చుకోవడం అంత తేలిక కాదు.

మా మేనల్లుడు అక్టోబరులో మళ్ళీ ఫోన్ చేశాడు. "మామయ్యా, ఏడో నంబరు చొక్కా కొన్నాను," అన్నాడు కొంచెం సిగ్గుపడుతూ. ఏడు డ్యురాంట్ నంబరు. గ్రీన్ చొక్కా ఏం చేశావురా అంటే, దాచానన్నాడు.

ఆ సీజన్‌లో హ్యూస్టన్ మొదటి మ్యాచ్ 2025 అక్టోబరు 21న ఓక్లహోమా సిటీలో. డ్యురాంట్ కుర్రతనంలో ఎనిమిదేళ్ళు ఆడిన ఊరు అది, అప్పటి చాంపియన్ల గడ్డ. మనకు దీపావళి వెళ్ళిన రెండో రోజు తెల్లవారుజామున వచ్చింది. అతను ఆడే మ్యాచ్ ఏదైనా, నిద్ర లేవగలిగితే చూడండి. నాలుగో క్వార్టర్‌లో డ్యురాంట్ చేతికి బంతి వచ్చినప్పుడు అతన్ని చూడకండి, అతని సంగతి తెలిసిందే. మిగిలిన నలుగురు నిలబడి చూస్తున్నారా, కదులుతున్నారా, అది చూడండి.